పెదవి దాటిన జెల్: ఫిల్లర్ స్థానభ్రంశం, దిద్దుబాటు

పెదవులకు ఫిల్లర్ ఎక్కించుకున్న కొన్ని నెలలకో, ఒక్కోసారి కొన్నేళ్లకో, కొందరిలో పై పెదవికి ఎగువన, మీసకట్టు ఉండే చోట, సన్నని గట్టులాంటి ఉబ్బు కనిపిస్తుంది. ఎదుటినుంచి చూస్తే పెదవి అంచు స్పష్టత కోల్పోయి చెదిరినట్టు ఉంటుంది. పక్కనుంచి చూస్తే పెదవికన్నా దాని పైనున్న చర్మమే ముందుకు వచ్చినట్టు ఉంటుంది. నవ్వినప్పుడు పెదవి సన్నబడుతుంది గాని ఆ ఉబ్బు తగ్గదు. వైద్యులు దీనిని ఫిల్లర్ స్థానభ్రంశం అంటారు. ఇంగ్లీషులో దీనికి వాడే మాట మైగ్రేషన్, అంటే వలస.

వలస అన్న మాట టూంగాబీకి కొత్తది కాదు. సిడ్నీ నగర కేంద్రానికి పడమరగా దాదాపు 30 కిలోమీటర్ల దూరంలో ఉన్న ఈ ఊరు మొదట దరుగ్ జాతివారి నేల. సిడ్నీ, పారమట్టాల తరవాత, 1791లో, ఖైదీల చేత సాగు చేయించిన ప్రభుత్వ వ్యవసాయ క్షేత్రం ఇక్కడ వెలసింది. ఇప్పుడు టూంగాబీ నుంచి పెండిల్ హిల్, వెంట్‌వర్త్‌విల్, వెస్ట్‌మీడ్ వరకు రైలుదారి పొడవునా భారతదేశం నుంచి వచ్చిన కుటుంబాలు, వాటిలో తెలుగు కుటుంబాలు, పెద్ద సంఖ్యలో ఉన్నాయి. ఆస్ట్రేలియా 2021 జనాభా లెక్కల ప్రకారం ఆ దేశంలో ఇంట తెలుగు మాట్లాడేవారు సుమారు 59 వేలమంది.

ఈ నేపథ్యంలో ఒక సందర్భాన్ని ఊహించుకోవచ్చు. టూంగాబీలో ఉండే ఒక తెలుగు యువతి తమ్ముడి పెళ్లికి హైదరాబాదు వెళ్లినప్పుడు పెదవులకు ఫిల్లర్ వేయించుకుంటుంది. ఏడాది గడిచాక సిడ్నీలో మరొకచోట కొంత కలిపించుకుంటుంది. ఆ తరవాత మీసకట్టు దగ్గర ఉబ్బు బయటపడుతుంది. ఆమె వెళ్లిన వైద్యుడు తెలుసుకోవలసినవి రెండే: లోపల ఉన్నది ఏమిటి? అది ఇప్పుడు ఎక్కడ ఉంది? ఈ రెండింటికీ జవాబు దొరికితే దిద్దుబాటు చాలావరకు సులభం. దొరకకపోతే అదే సూది రెండోసారి కూడా తప్పుచోట పడే ప్రమాదం ఉంది. జెల్ ఎందుకు కదులుతుంది, కదిలిందని ఎలా తేల్చుతారు, దానిని ఎలా తొలగిస్తారు అన్న మూడు విషయాలూ చివరకు ఈ రెండు ప్రశ్నల దగ్గరికే వస్తాయి.

మైనం కాలం నుంచి

శరీరంలోకి ఎక్కించిన పదార్థం ఎక్కించినచోట ఉండకపోవడం ఈనాటి సమస్య కాదు. వియన్నా శస్త్రవైద్యుడు రాబర్ట్ గెర్సూనీ 1899లో వాజలీన్‌ను సూదితో ఎక్కించి శరీరంలోని లోటును పూడ్చే పద్ధతిని ప్రవేశపెట్టాడు. ఆపైన పారఫిన్ మైనం వాడుకలోకి వచ్చి, ముడతలకూ ముక్కు వంకరకూ చికిత్సగా యూరప్‌లోనూ అమెరికాలోనూ వ్యాపించింది. కొద్ది ఏళ్లలోనే దాని దుష్ఫలితాలు తెలిశాయి. మైనం చుట్టూ గట్టి గడ్డలు కట్టాయి; కొందరిలో అది మరోచోటికి జారింది. తరవాతి కాలంలో మార్ల్‌బరో డచెస్ అయిన గ్లాడిస్ డీకన్ కథ ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. యౌవనంలో ముక్కు రేఖ తిన్నగా కావాలని ఆమె మైనం ఎక్కించుకుంది. అది క్రమంగా కిందికి దిగి గడ్డం దాకా చేరి, అందగత్తెగా పేరుపొందిన ఆమె ముఖాన్ని వికృతం చేసిందని ఆమె జీవితచరిత్రలు చెబుతాయి.

మైనం తరవాత ద్రవరూప సిలికోన్ వచ్చింది. అదీ అదే దారి పట్టింది. అందం కోసం ద్రవ సిలికోన్‌ను సూదితో ఎక్కించడాన్ని అమెరికా ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ ఏనాడూ ఆమోదించలేదు. 1981లో ఆవుల చర్మం నుంచి తీసిన కొలాజెన్‌కు ఆ సంస్థ అనుమతి ఇచ్చింది. కొలాజెన్ కొద్ది నెలల్లో కరిగిపోయేది గాని, అలర్జీ ఉందేమోనని ముందుగా చర్మపరీక్ష చేయవలసి వచ్చేది. ఈ పదార్థాలన్నిటికీ ఉన్న లోపం ఒకటే. పొరపాటు జరిగితే వెనక్కి తీసుకునే మార్గం లేదు. కత్తి పట్టాలి, లేదా కాలానికి వదిలేయాలి. ఈనాటి పెదవి ఫిల్లర్‌కు ఇంత ఆదరణ రావడానికి గల కారణాల్లో, దానిని కరిగించే మందు ఉండటం ముఖ్యమైనది.

గాజు పేరు గల ఆమ్లం

ఆ పదార్థం హయలురోనిక్ ఆమ్లం. 1934లో కొలంబియా విశ్వవిద్యాలయంలో కార్ల్ మెయర్, జాన్ పామర్ ఆవు కంటిలోని పారదర్శకమైన జిగురు నుంచి దీనిని వేరుచేశారు. గ్రీకులో గాజుకు హయలోస్ అని పేరు. ఈ ఆమ్లం పేరులోని తొలి సగం అక్కడినుంచి వచ్చింది. ఇది రెండు చక్కెర అణువులు జంటగా, ఆ జంటలు వేల సంఖ్యలో దండగా గుచ్చుకుని ఏర్పడిన పొడవైన గొలుసు. నీటిని విపరీతంగా పట్టి ఉంచడం దీని స్వభావం. చర్మంలో, కీళ్లలో, కంటిలో సహజంగానే ఉంటుంది. 70 కిలోల మనిషి ఒంట్లో సుమారు 15 గ్రాములు ఉంటుందనీ, అందులో మూడోవంతు రోజూ కరిగి మళ్లీ తయారవుతుందనీ అంచనా.

రోజుల్లో కరిగిపోయే పదార్థం నెలల తరబడి పెదవిలో ఎలా నిలుస్తుంది? ఇక్కడే రసాయన శాస్త్రం ప్రవేశిస్తుంది. బీడీడీఈ అనే రసాయనంతో గొలుసులకూ గొలుసులకూ మధ్య అడ్డబంధాలు వేస్తారు. పోగుల రాశి అల్లిక పడి వలగా మారినట్టు, ద్రవం జెల్‌గా మారుతుంది. శరీరంలోని ఎంజైములకు ఈ వలను తెంచడం కష్టం కాబట్టి అది నిలుస్తుంది. స్వీడన్‌లో తయారైన రెస్టిలేన్ 1990ల మధ్యలో యూరప్ మార్కెట్లోకి వచ్చింది. దీనిలోని ఆమ్లాన్ని జంతువుల నుంచి కాక బాక్టీరియాను పులియబెట్టి తీస్తారు. అమెరికాలో 2003లో ముఖం ముడతలకు, 2011లో పెదవులకు దానిని ఆమోదించారు.

అడ్డబంధాల సంఖ్య, గొలుసుల పొడవు, ఆమ్లం గాఢత మారితే జెల్ గుణమూ మారుతుంది. కొన్ని జెల్‌లు గట్టిగా ఉండి ఒత్తిడికి లొంగవు. కొన్ని మెత్తగా పరుచుకుంటాయి. కొన్ని ఎక్కువ నీరు పీల్చి ఉబ్బుతాయి. సాధారణంగా ఒక మిల్లీలీటరులో 15 నుంచి 25 మిల్లీగ్రాముల ఆమ్లం ఉంటుంది. చెంపకు సరిపోయిన జెల్ పెదవికి సరిపోవాలని లేదు. ఒక సిరంజిలో పట్టేది మామూలుగా ఒక మిల్లీలీటరు, అంటే టీ చెంచాలో అయిదో వంతు. చిన్న మోతాదే అనిపిస్తుంది గాని, పెదవి కూడా చిన్నదేనన్న సంగతి మరవరాదు.

పెదవి కట్టడి

పెదవిలో ఎర్రగా కనబడే భాగానికీ మామూలు చర్మానికీ మధ్య ఒక సన్నని అంచు ఉంటుంది. ఆ అంచు మీద కాంతి పడి మెరిసే గీతే పెదవికి ఆకారాన్నిస్తుంది. లోపల నోటి చుట్టూ వలయంలా కండరం ఉంటుంది. ఈ కండరంలో ప్రధాన భాగం పెదవి చుట్టూ విస్తరించి ఉండగా, అంచు భాగం ఎర్రని భాగం దగ్గర బయటికి కొక్కెంలా వంగి ఉంటుంది. పెదవికి రక్తం తెచ్చే ధమనులు ఎక్కువగా నోటి లోపలి పొరకు దగ్గరగా పోతాయి గాని, అందరిలోనూ ఒకే లోతులో ఉండవు.

ఈ కండరానికి విశ్రాంతి తక్కువ. తెలుగు వ్యాకరణం ఓష్ఠ్యాలని పేరుపెట్టిన ప, ఫ, బ, భ, మలు పలికినప్పుడల్లా రెండు పెదవులూ కలుసుకుని ఒత్తుకుంటాయి. ఉ, ఊ, ఒ, ఓలకు గుండ్రంగా ముడుచుకుంటాయి. ‘అమ్మా’ అని పిలిచినా, వేడి కాఫీ ఊదుకుని తాగినా, ఈల వేసినా, ముద్దు పెట్టినా పనిచేసేది ఈ వలయ కండరమే. జెల్‌ను ఉంచే చోట్లలో ఇంతగా కదిలే చోటు ముఖంలో మరొకటి లేదు.

జారిందా, పెట్టిందే అక్కడా?

జెల్ తనంత తాను నడిచిపోదు. కెనడాకు చెందిన కనురెప్పల శస్త్రవైద్యులు డేవిడ్ జోర్డన్, బాజిల్ స్టోయికా 2015లో ప్రచురించిన సమీక్షలో స్థానభ్రంశానికి అనేక కారణాలను చర్చించారు. సూది వేసే పద్ధతిలో లోపం, ఎక్కువ పరిమాణం, ఎక్కువ ఒత్తిడితో ఎక్కించడం, తరవాత గట్టిగా మర్దన చేయడం, కండరాల కదలిక, గురుత్వాకర్షణ, లింఫు నాళాల ద్వారా వ్యాప్తి వాటిలో ముఖ్యమైనవి. పెదవి విషయంలో వీటిని మూడు గుంపులుగా చూడవచ్చు.

మొదటిది చోటుకు మించిన పరిమాణం. ఎర్రని భాగంలో జెల్‌కు ఇమిడే చోటు పరిమితం. అది నిండాక ఇంకా ఎక్కిస్తే, నిండిన కుండలోకి పోసిన నీటిలా, తక్కువ అడ్డు ఉన్న వైపుకు పోతుంది. పై పెదవికి ఆ వైపు మీసకట్టు. ఆరు నెలలకోసారి కొంత కలపడం ఆనవాయితీ అయినప్పుడు, పాతది పోయిందనుకుని కొత్తది వేస్తారు. పాతది నిజానికి పోయి ఉండకపోవచ్చు.

రెండోది సూది పడిన చోటు. అంచును పదునుగా చూపించాలని అంచు వెంట, కొన్నిసార్లు అంచుకు కాస్త పైన, జెల్ గీతలా పరుస్తారు. ‘రష్యన్ లిప్స్’ పేరిట ప్రచారమైన పద్ధతిలో పెదవి ఎత్తు పెరగాలని కింది నుంచి పైకి నిలువుగా సూది పోనిస్తారు. సూది మొన అంచు దాటితే, లేదా సూది వెనక్కి తీసేటప్పుడు జెల్ ఆ దారి వెంటే బయటికి వస్తే, తెల్లని చర్మం కింద కొంత జెల్ మొదటి రోజే చేరుతుంది. మొదటి వారాల వాపులో అది కనబడదు. వాపు తగ్గాక, నీరు పీల్చి జెల్ స్థిరపడ్డాక బయటపడుతుంది.

మూడోది కండరం. రోజుకు వేలసార్లు ముడుచుకుని విచ్చుకునే కండరం మెత్తని జెల్‌ను పొరల మధ్యకు కొంచెం కొంచెంగా నెట్టగలదు. అయితే దీని పాత్ర ఎంత అన్నదానిపై నిపుణుల్లో ఏకాభిప్రాయం లేదు. వలసగా పిలుస్తున్నదానిలో చాలా భాగం నిజానికి తప్పుచోట పెట్టడమో, ఎక్కువ పెట్టడమో అని ఒక పక్షం వాదిస్తుంది. సరైన చోట తగినంతే పెట్టినా కాలక్రమంలో కొంత కదలవచ్చని మరో పక్షం అంటుంది. ఈ చర్చ ఊరికే మాటల పట్టింపు కాదు. మొదటిదే నిజమైతే బాధ్యత సూది పట్టిన చేతిది. రెండోదే నిజమైతే ఎంత మంచి చేతిలోనైనా కొంత ప్రమాదం ఉన్నట్టే, ఆ సంగతి ముందుగా చెప్పవలసి ఉన్నట్టే. దిద్దుబాటు మాత్రం రెండు సందర్భాల్లోనూ ఒకటే.

సూది లేకుండా గాలి ఒత్తిడితో జెల్‌ను చర్మంలోకి చిమ్మే ‘హయలురాన్ పెన్’ల సంగతి వేరు. ఎంత లోతుకు, ఎటు పోతుందన్నది వాటితో అదుపులో ఉండదు. అమెరికా నియంత్రణ సంస్థ 2021 అక్టోబరులో వీటిని వాడవద్దని ప్రజలను హెచ్చరించింది.

ఆరు నెలల లెక్క

పెదవి ఫిల్లర్ ఆరు నెలల నుంచి ఏడాది వరకు ఉంటుందని చెబుతారు. ఈ లెక్క ప్రధానంగా కంటికి కనబడే మార్పు మీద ఆధారపడినది. లోపల ఏముందో చూసిన పరిశీలనలు వేరే కథ చెబుతున్నాయి. ఆస్ట్రేలియాకే చెందిన వైద్యుడు మోబిన్ మాస్టర్ ముఖంలోని ఫిల్లర్లను ఎం.ఆర్.ఐ. స్కానింగుతో పరిశీలించి 2021లో ఒక పత్రం, 2024లో సహచరులతో కలిసి మరొకటి ప్రచురించాడు. రెండో పత్రంలో, చెంపల ప్రాంతంలో కనీసం రెండేళ్లుగా కొత్త ఫిల్లర్ వేయించుకోని 33 మందిని తీసుకుంటే, అందరిలోనూ పాత జెల్ కనిపించింది. కొందరిలో అది వేయించి 15 ఏళ్ల దాకా అయింది.

ఇవి చెంపల లెక్కలు, పెదవులవి కావు. ఎక్కువగా కదిలే పెదవిలో జెల్ త్వరగా తగ్గవచ్చు. స్కానింగుకు వచ్చినవారు ఏదో ఒక ఇబ్బందితో వచ్చినవారై ఉండే అవకాశమూ ఉంది. అయినా ఒక సంగతి స్పష్టం: పెదవి పలచబడినట్టు కనబడటానికీ, జెల్ పోవడానికీ తేడా ఉంది. ఎర్రని భాగం నుంచి తగ్గిన జెల్ కరిగిందా, పక్కకు పోయిందా అన్నది అద్దంలో చూసి చెప్పలేం. పెదవి తగ్గిందని మళ్లీ ఎక్కించే ముందు ఈ ప్రశ్న వేసుకుంటే చాలా స్థానభ్రంశాలు మొదట్లోనే ఆగుతాయి.

గుర్తించడం

పెదవి పైనున్న ప్రతి ఉబ్బూ జారిన ఫిల్లర్ కాదు. సూది వేసిన తొలి రెండు వారాల్లో వాపు, కమిలిన గాయం సహజం. అప్పుడే తీర్పు చెప్పరాదు. పై పెదవికి థ్రెడింగో వాక్సింగో చేయించుకున్నాక వచ్చే వాపు ఒకటి రెండు రోజుల్లో తగ్గుతుంది. పెదవి చుట్టూ రంగు ముదరడం వల్ల కలిగే నీడ, ముఖ్యంగా చామనఛాయ చర్మంలో, ఉబ్బుగా భ్రమ కలిగిస్తుంది. పెదవి సహజ నిర్మాణం, పై పళ్ల అమరిక కూడా మూతి ముందుకు వచ్చినట్టు చూపించగలవు. ఫిల్లర్ వేయించుకోకముందు తీసిన ఫోటో ఈ సందేహాల్లో చాలావాటిని తీరుస్తుంది. నెలల తరవాత ఉన్నట్టుండి వచ్చే ఎర్రని, నొప్పి ఉన్న గడ్డ మరో కోవకు చెందుతుంది. అది ఇన్ఫెక్షనో, రోగనిరోధక ప్రతిచర్యో కావచ్చు. దానికి చికిత్స వేరు.

చేతితో తడిమి చూడటం, పక్కనుంచి చూడటం, నవ్వించి చూడటం తొలి పరీక్షలు. ఇటీవల అల్ట్రాసౌండ్ వాడకం పెరుగుతోంది. గర్భిణులకు చేసే స్కానింగులో వాడే శబ్దతరంగాలే ఇక్కడా పనిచేస్తాయి గాని, చర్మానికి దగ్గరలోని పొరలను చూడటానికి ఎక్కువ పౌనఃపున్యం గల పరికరం కావాలి. హయలురోనిక్ జెల్ తెరమీద సాధారణంగా నల్లని గుంటల్లా కనిపిస్తుంది. సిలికోన్ మంచు తుఫానులా తెల్లగా చెదిరి కనబడుతుంది. అంటే మొదట అడిగిన రెండు ప్రశ్నలకూ, ఏమిటి అన్నదానికీ ఎక్కడ అన్నదానికీ, ఒకే పరీక్ష చాలావరకు జవాబిస్తుంది. కరిగించే మందును చూస్తూ సరిగ్గా అక్కడే వేయడానికీ ఇది తోడ్పడుతుంది.

కరిగించడం

జారిన జెల్‌ను మర్దనతో వెనక్కి నెట్టలేం. అడ్డబంధాలున్న జెల్ పొరల మధ్య చేరాక చుట్టుపక్కల కణజాలంతో కలిసిపోతుంది. గట్టిగా నొక్కితే అది మరింత పరుచుకోవచ్చు. ఉబ్బును కప్పడానికి పెదవిలోనే ఇంకాస్త ఎక్కించడం అన్నిటికంటే పెద్ద పొరపాటు. అది కొద్ది వారాలు తేడాను మరుగుపరుస్తుంది, ఆ తరవాత పెంచుతుంది. ఉబ్బు స్వల్పమై, ఇబ్బంది పెట్టకపోతే, కొత్తది వేయించుకోకుండా వేచి చూడటం ఒక మార్గం. వేచి చూడలేనప్పుడు హయలురానిడేజ్ ఒక్కటే నిజమైన దారి.

ఈ ఎంజైము చరిత్రలో ఒక వైచిత్రి ఉంది. 1928లో రాక్‌ఫెల్లర్ సంస్థలో ఫ్రాన్సిస్కో డురాన్ రేనాల్స్, జంతువుల వృషణాల సారం కలిపితే వైరస్ చర్మంలో మరింత వేగంగా పాకుతోందని గమనించాడు. అందులో ఉన్నదానికి ‘వ్యాప్తి కారకం’ అని పేరు వచ్చింది. 1940 ప్రాంతంలో, తరవాత పెన్సిలిన్‌పై కృషికి నోబెల్ బహుమతి పంచుకున్న ఎర్న్‌స్ట్ చెయిన్, సహచరుడు డ్యూతీతో కలిసి, ఈ వ్యాప్తి కారకం హయలురోనిక్ ఆమ్లాన్ని ఛేదించే ఎంజైమేనని చూపించాడు. చర్మంలోని జిగురు అడ్డు తొలగిస్తుంది కాబట్టే అది దేనినైనా వ్యాపింపజేస్తుంది. కంటి శస్త్రచికిత్సలో మత్తుమందు త్వరగా పాకడానికి దశాబ్దాలుగా దీనిని వాడుతున్నారు. వ్యాపింపజేసే మందే ఇప్పుడు వ్యాపించినదానిని తొలగించడానికి పనికివస్తోంది.

ఆస్ట్రేలియాలో ఇది హయలేజ్ పేరుతో, 1500 యూనిట్ల గాజు ఆంప్యూల్‌లో పొడిగా దొరుకుతుంది. సెలైన్ వంటి ద్రవంలో కలిపి సన్నని సూదితో ఉబ్బు ఉన్నచోట వేస్తారు. ఎంజైము గొలుసులోని చక్కెర జంటల మధ్య బంధాలను తెంచుతుంది. అడ్డబంధాలను నేరుగా తెంచలేకపోయినా, వాటి మధ్యనున్న దారాలు తెగేసరికి వల విడిపోతుంది. గట్టిగా అల్లిన జెల్‌కు ఎక్కువ మోతాదు, ఎక్కువ సమయం కావాలి. అందుకే జెల్ పేరు తెలియడం ముఖ్యం. పని నిమిషాల్లో మొదలై, ఒకటి రెండు రోజుల్లో చాలావరకు పూర్తవుతుంది. మొదటి రోజు సూది వల్ల వాపు ఉంటుంది కనుక ఫలితం వెంటనే తెలియదు. రెండు వారాల తరవాత చూసి, మిగిలి ఉంటే మళ్లీ వేస్తారు. పాత జెల్ పొరలుగా చేరి ఉంటే రెండు మూడు విడతలు పట్టవచ్చు. ఆ చికిత్స పూర్తయి, వాపంతా తగ్గాకనే మళ్లీ ఫిల్లర్ గురించి ఆలోచించాలి. చాలామంది వైద్యులు కనీసం రెండు నుంచి నాలుగు వారాలు ఆగమంటారు.

ఇక్కడ మూడు జాగ్రత్తలు అవసరం. ఒకటి, అలర్జీ. తేనెటీగ, కందిరీగ విషంలోనూ హయలురానిడేజ్ ఉంటుంది. అవి కుట్టినప్పుడు ఊపిరాడనంత తీవ్రమైన ప్రతిచర్య వచ్చినవారు ఆ సంగతి తప్పక చెప్పాలి. కొందరు వైద్యులు ముందుగా ముంజేతి మీద చిన్న పరీక్ష చేస్తారు. అలర్జీని ఎదుర్కొనే అడ్రినలిన్ దగ్గర లేనిచోట ఈ సూది వేయించుకోకూడదు. రెండు, ఇన్ఫెక్షన్. వ్యాప్తి కారకమన్న పేరే చెబుతున్నట్టు, ఇన్ఫెక్షన్ సోకిన చోట ఈ మందు వేస్తే దానినీ వ్యాపింపజేయవచ్చు. మూడు, మందు మూలం. హయలేజ్ గొర్రెల నుంచి తీసినది. శాకాహార నియమం గట్టిగా పాటించేవారు దీనిని ముందుగా తెలుసుకోవాలనుకోవచ్చు. మానవ ఎంజైమును జన్యుసాంకేతికతతో తయారుచేసిన రకం అమెరికాలో ఉంది.

ఈ మందు సహజమైన హయలురోనిక్ ఆమ్లాన్ని కూడా కరిగించదా అన్న భయం చాలామందిలో ఉంది. కరిగిస్తుంది. ఎంజైము సొంతదీ పరాయిదీ అని చూడదు. కాని శరీరం సహజ ఆమ్లాన్ని రోజూ తయారుచేస్తూనే ఉంటుంది, ఎంజైము మాత్రం ఒంట్లో ఎక్కువసేపు పనిచేయదు. కరిగించాక పెదవి ముడుచుకుపోయినట్టు, మునుపటికన్నా పలచబడినట్టు అనిపించడానికి ఇంకో కారణమూ ఉంది. కొన్నేళ్లుగా నిండుగా చూసిన కన్ను సహజమైన పెదవిని మరిచిపోయి ఉంటుంది. చాలాకాలం సాగిన చర్మం సర్దుకోవడానికీ సమయం పడుతుంది. అందుకే కరిగించిన వెంటనే నింపమని తొందరపెట్టడం, చికిత్స మొదలైన చోటికే మనిషిని తిరిగి తెస్తుంది.

ఫిల్లర్లను కరిగించడానికి ఈ మందు వాడటం దాని అధికారిక అనుమతిలో లేని ఉపయోగం. వైద్యంలో ఇది అరుదు కాదు, చట్టవిరుద్ధమూ కాదు. అయితే ఆ విషయం ముందే చెప్పి సమ్మతి తీసుకోవడం వైద్యుడి బాధ్యత.

కరగనివి

హయలురానిడేజ్ ఒక్క హయలురోనిక్ ఆమ్లాన్నే కరిగిస్తుంది. సిలికోన్ మీద, పీఎంఎంఏ అనే ప్లాస్టిక్ రేణువులున్న శాశ్వత ఫిల్లర్ల మీద, పాలీయాక్రిలమైడ్ జెల్ మీద దానికి పట్టు లేదు. కాల్షియం హైడ్రాక్సీఅపటైట్ రేణువులున్న ఫిల్లర్‌నూ అది కరిగించదు. పెదవికి ఇవి తగవని నిపుణులు ఎప్పటినుంచో చెబుతున్నారు. ఇలాంటివి జారినప్పుడు మిగిలేవి స్టెరాయిడ్ సూదులు, లేదా శస్త్రచికిత్స. కత్తితో తీసినా పూర్తిగా తీయడం కష్టం, మచ్చ మిగులుతుంది. లోపల ఉన్నది ఏమిటన్న ప్రశ్న ఎందుకు మొదటిదో ఇక్కడ తేటతెల్లమవుతుంది.

వేచి చూడరాని స్థితి

స్థానభ్రంశం తొందరపడి దిద్దవలసిన ప్రమాదం కాదు. కాని దానితో కలిపి చూడకూడని స్థితి ఒకటి ఉంది. జెల్ ధమనిలోకి పోయినా, ధమనిని నొక్కినా ఆ భాగానికి రక్తం ఆగుతుంది. సూది వేస్తుండగానో, కొన్ని గంటల్లోనో చర్మం పాలిపోతుంది. తరవాత వలలాంటి నీలిమచ్చలు పడతాయి. నొప్పి పెరుగుతూ పోతుంది, నొక్కి వదిలితే రంగు ఆలస్యంగా తిరిగివస్తుంది. ఇది అత్యవసర పరిస్థితి. కెనడా వైద్యుడు క్లాడియో డెలొరెంజీ 2017లో ప్రతిపాదించిన పద్ధతిలో, రక్తం ఆగిన ప్రాంతం నిండా ఎక్కువ మోతాదులో హయలురానిడేజ్ వేసి, రక్తప్రసరణ తిరిగివచ్చేవరకు గంటగంటకూ వేస్తూ ఉంటారు. చూపు మసకబారినా, కంటి నొప్పి వచ్చినా క్షణం ఆలస్యం చేయక ఆస్పత్రికి వెళ్లాలి. ఉబ్బు నెలలు ఆగగలదు. ఇది గంటలు కూడా ఆగదు.

టూంగాబీలో చట్టం, ఒక చీటీ

ఆస్ట్రేలియాలో ఈ ఫిల్లర్లు వైద్యుడి ప్రిస్క్రిప్షన్ ఉంటేనే వాడదగిన పదార్థాల జాబితాలో, షెడ్యూల్ 4లో, ఉన్నాయి. సూది నర్సు వేసినా, ముందుగా అధికారం ఉన్నవారు ముఖాముఖిగానో వీడియోలోనో మాట్లాడి రాసి ఇవ్వాలి. షెడ్యూల్ 4 పదార్థాలను ప్రజలకు ప్రకటనల ద్వారా అమ్మజూపడం నిషిద్ధం. ఆరోగ్య వృత్తుల నియంత్రణ సంస్థ ఆప్రా 2025 సెప్టెంబరు 2 నుంచి శస్త్రచికిత్స కాని సౌందర్య చికిత్సలకు కొత్త మార్గదర్శకాలు అమలుచేసింది. 18 ఏళ్ల లోపువారికి మొదటి సంప్రదింపుకూ చికిత్సకూ మధ్య ఏడు రోజుల వ్యవధి ఉండాలన్నది వాటిలో ఒకటి. వైద్యుడి పేరైనా నర్సు పేరైనా ఆప్రా బహిరంగ పట్టికలో ఎవరైనా ఉచితంగా వెతుక్కోవచ్చు. న్యూ సౌత్ వేల్స్‌లో చికిత్సపై ఫిర్యాదులను స్వీకరించడానికి ఆరోగ్య సేవల ఫిర్యాదుల కమిషన్ ఉంది. అందం కోసమే చేయించుకునే చికిత్సకు మెడికేర్ సొమ్ము ఇవ్వదు. కరిగించడానికి అయ్యే ఖర్చు కూడా సాధారణంగా సొంత జేబుదే.

ఈ ఏర్పాట్లన్నీ ఆస్ట్రేలియా లోపల వేసిన సూదికే వర్తిస్తాయి. రెండు దేశాల మధ్య తిరిగే కుటుంబాలకు అసలైన రక్షణ ఇంకా చిన్నది. పేరున్న ఫిల్లర్ల పెట్టెల్లో ఊడదీసి అతికించే చీటీలు ఉంటాయి. వాటిమీద జెల్ పేరు, తయారీ సంఖ్య, గడువు తేదీ అచ్చువేసి ఉంటాయి. ఒకటి క్లినిక్ రికార్డుకు, ఒకటి వేయించుకున్నవారికి. హైదరాబాదులోనైనా పారమట్టాలోనైనా ఆ చీటీ అడిగి తీసుకుని, ఫోటో తీసి, తేదీ, పరిమాణం, సూది వేసినవారి పేరుతో సహా భద్రపరచుకుంటే, మరో ఊళ్లో మరో వైద్యుడు గుడ్డిగా మందు వేయవలసిన అవసరం రాదు. చీటీ ఇవ్వలేమన్న చోట, పెట్టెను కళ్లముందు తెరవని చోట సూది వేయించుకోకపోవడమే మేలు.

సిగ్గు చాలామందిని ఈ వివరాలు దాచేలా చేస్తుంది. అత్తవారింట తెలియకూడదనో, స్నేహితులు నవ్వుతారనో ఫిల్లర్ సంగతి వైద్యుడికి కూడా చెప్పనివారు ఉంటారు. పళ్ల వైద్యుడు మత్తుసూది వేసేముందు, చర్మవైద్యుడు పెదవి వాపు చూసేముందు ఈ విషయం తెలిస్తే నిర్ణయం మారవచ్చు. ముఖం మీద తీసుకున్న నిర్ణయం ఎవరి మెప్పు కోసమన్నది సొంత విషయం. దాని వివరం మాత్రం వైద్యుడి దగ్గర దాచవలసినది కాదు.

జారిన జెల్ చాలావరకు దిద్దుకోదగినదే. నూరేళ్ల కిందట మైనం ఎక్కించుకున్నవారికి లేని అవకాశం ఇప్పుడు ఉంది. ఆ అవకాశం నిలవాలంటే కరిగేదాన్నే ఎంచుకోవాలి, కొద్దిగానే వేయించుకోవాలి, వేసినదేమిటో రాసిపెట్టుకోవాలి. మళ్లీ నింపేముందు పాతది నిజంగా పోయిందో లేదో చూసుకోవాలి.